అత్తకి నాలుగు వందల పన్నెండు నిశ్చితార్థాలు

మా అత్తకి గడిచిన వారంలో మొత్తం నాలుగు వందల పన్నెండు నిశ్చితార్థాలు జరిగాయని, అంతకు ముందు వారంతో పోలిస్తే ఇది ముప్పై ఎనిమిది శాతం అధికమని, ఈ అభివృద్ధికి సహకరించిన వారందరికీ ఆమె పేరున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నామని ఒక సోమవారం ఉదయం తొమ్మిది గంటలకి మా వీధి వీధంతటికీ ఒకేసారి తెలిసింది. ఆ సమయానికి అత్త ఒక కోటుకి అస్తరు వేస్తోంది. ఆమెకి మాత్రం తెలియలేదు.

ఇలాంటి వార్త విన్నప్పుడు పెద్దలకి కొన్ని సందేహాలు కలగడం సహజం. అన్ని నిశ్చితార్థాలకి తీరిక ఎక్కడిది, అందరూ ఒకరేనా వేరువేరా, తక్కినవాళ్ళ సంగతేమిటి వగైరా. అందువల్ల జరిగింది జరిగినట్టు మనవి చేసుకుంటాను.

మా అత్త, అంటే నాన్నకి అక్క, టైలరు. దుకాణం చిన్నదే. రెండు కుట్టుమిషన్లు, కాజాలు కుట్టే మిషను ఒకటి, గుడ్డ కత్తిరించే బల్ల, ఇస్త్రీ బల్ల, నానమ్మ కూర్చునే పేము కుర్చీ. నానమ్మకి రెండు బాధ్యతలు. ఒకటి, నేల మీద పడిన దారపు ముక్కలు ఏరడం. రెండు, వచ్చినవాళ్ళ గురించి వాళ్ళు వెళ్ళకముందే అభిప్రాయం చెప్పడం. అత్తకి నలభై ఒక్కేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, “ఎవరూ అడగలేదండీ” అంటుంది. నానమ్మ మాత్రం, “అడగడానికి వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీసి పంపేసింది” అంటుంది.

ఎదురుగా గుండీల దుకాణం ఉంది. దాని యజమానిని అందరూ గుండీలాయన అంటారు. ఆయన దగ్గర ఆరువందల రకాల గుండీలు ఉన్నాయి. అయినా రోజూ సాయంత్రం నాలుగింటికి ఒకే ఒక్క రకం అట్టకి గుచ్చుకుని రోడ్డు దాటి వస్తాడు.

“ఇది సరిపోతుందేమో చూడండి” అంటాడు.

అత్త ఆ గుండీని గుడ్డ మీద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, “ఒక్క పిసరు ముదురండీ” అంటుంది.

“అయితే రేపు ఇంకోటి తెస్తాను.”

పదకొండేళ్ళుగా ఇదే వరస. ఒకసారి తెల్ల చొక్కాకి తెల్ల గుండీ ఎంచడానికి వాళ్ళకి తొమ్మిది రోజులు పట్టింది. వీధిలో అందరికీ విషయం అర్థమైంది. ఆ ఇద్దరికి మాత్రం ఇంకా రంగు కుదరలేదు.

ఇలా ఉండగా మా బాబాయి ఒక పూట శిక్షణకి వెళ్ళి వచ్చాడు. బాబాయి ఏం చేస్తుంటాడని ఎవరైనా అడిగితే “ప్రస్తుతం” అని మొదలుపెట్టి చెబుతాడు. ఆ శిక్షణలో ఆయనకి ఒక సర్టిఫికెట్టూ, ఒక కాఫీ కప్పూ, “సకలం” అనే యాపూ ఇచ్చారు. సర్టిఫికెట్టుని అత్త దుకాణంలో గోడకి వేలాడదీసి, దాని కింద నిలబడి ఆయన ఇలా ప్రసంగించాడు:

“అక్కా! అమ్మా! ఈ కాలంలో మనుషులు దుకాణానికి రారు. దుకాణమే మనుషుల దగ్గరికి వెళ్ళాలి. ఫోనులో ఉండే దుకాణమే దుకాణం. వీధిలో ఉన్నది దాని నీడ!”

“దుకాణం వెళ్ళిపోతే నా మిషన్లు ఎక్కడ పెట్టుకోను రా?” అంది అత్త.

“నీడలో పెట్టుకో” అంది నానమ్మ.

సకలం అనేది ఫోనులో పట్టేది కాదు. కంప్యూటరులోనే పనిచేస్తుంది. ఒకే తెర మీద యాభై ఖాతాలు తెరిచి, అన్నిటితో ఒకేసారి మాట్లాడించి, మెచ్చుకోవలసిన వాళ్ళని మెచ్చుకుని, మనకి ఎంత పేరు వచ్చిందో వారం వారం లెక్క చెబుతుంది. ఆ కంప్యూటరు కోసం కత్తిరింపు బల్ల ఖాళీ చేశాం. కత్తిరింపు ఇస్త్రీ బల్ల మీదికి, ఇస్త్రీ స్టూలు మీదికి, నానమ్మ గుమ్మంలోకి మారారు. గుమ్మంలో నానమ్మ ఉండడం వల్ల కస్టమర్లు లోపలికి రావడం తగ్గించారు. వాళ్ళు తగ్గడం వల్ల ప్రచారం అవసరం పెరిగింది. బాబాయి ముందుచూపు మాకు అప్పుడు తెలిసింది.

కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టారు. నాకు టైపు చేయడం వచ్చు. అంతకన్నా ముఖ్యంగా నేను మాట్లాడను. “మాట్లాడని పిల్ల దొరకడం మన అదృష్టం. వ్యాపార రహస్యాలు బయటికి పోవు” అన్నాడు బాబాయి. నేను మాట్లాడకపోవడం వల్ల ఎవరికైనా ఉపయోగం కలగడం అదే మొదటిసారి కాబట్టి సంతోషించాను.

సకలం తెలుగులో కూడా దొరుకుతుంది. దాన్ని తెలుగు చేసిన మహానుభావులు ప్రతి ఇంగ్లీషు మాటకీ డిక్షనరీలో కనపడిన తెలుగు మాటని చిల్లర లెక్కపెట్టినట్టు ఇచ్చారు. పోస్టుని స్తంభం అన్నారు. కాబట్టి మేము రోజుకి ఆరు స్తంభాలు పాతేవాళ్ళం. ఫీడుని మేత అన్నారు. క్యాంపెయినుని దండయాత్ర అన్నారు. మనం పెట్టినదాన్ని జనం ఎన్నిసార్లు మెచ్చుకున్నారు, ఎన్నిసార్లు దాని కింద మాట్లాడారు అనే లెక్కని ఇంగ్లీషులో ఎంగేజ్‌మెంట్ అంటారట. దాన్ని నిశ్చితార్థం అన్నారు. “మీ మేతలో స్తంభం పాతి, దండయాత్ర ప్రారంభించి, నిశ్చితార్థాలు పెంచుకోండి” అని మొదటి రోజే తెర మీద కనపడింది. ఇందులో ఏదో తేడా ఉందని బాబాయికి చెబుదామనుకున్నాను. కానీ నేను మొదటి మాట కూడబలుక్కునేలోపు ఆయన నాలుగో విషయంలోకి వెళ్ళిపోతాడు. పైగా గోడ మీద సర్టిఫికెట్టు ఉంది.

స్తంభాల కోసం అత్త పనిచేస్తుండగా వీడియోలు తీయడం మొదలైంది.

“చెయ్యి అడ్డం తియ్యక్కా, కత్తెర కనపడట్లేదు.”

“చెయ్యి తీస్తే కత్తెర ఎలా పట్టుకోను రా?”

“అదంతా నాకు తెలీదు. జనానికి కత్తెర కావాలి.”

యాభై ఖాతాలకీ బాబాయే నామకరణం చేశాడు. సంతృప్త గృహిణి, చొక్కా ప్రేమికుడు, కోటు కోరుకునేవాడు, ఊరికే చూసిపోయే మనిషి, నిజం మాట్లాడే మనిషి ఇలా. అత్త ఒక దిండు గలీబు కుట్టినా యాభైమందీ పొంగిపోయేవారు. సంతృప్త గృహిణి కళ్ళు చెమర్చేవి. చొక్కా ప్రేమికుడికి మాటలు వచ్చేవి కావు, ఆ సంగతి వివరంగా రాసేవాడు. అత్త ఇరవై ఏళ్ళుగా కుడుతున్నా ఇంత గౌరవం ఎప్పుడూ ఎరుగదు.

కానీ అందరూ మెచ్చుకుంటుంటే చూసేవాళ్ళకి విసుగు పుడుతుందని, గొడవ ఉంటేనే జనం ఆగి చూస్తారని సకలం సలహా ఇచ్చింది. వెంటనే బాబాయి నిజం మాట్లాడే మనిషిని రంగంలోకి దింపాడు. “ఈ షాపులో నా చొక్కా ఎడమ చెయ్యి అంగుళం పొట్టిగా కుట్టారు” అని ఆయన నిజం మాట్లాడాడు. సంతృప్త గృహిణి ఆయన పెంపకాన్ని ప్రశ్నించింది. ఊరికే చూసిపోయే మనిషి ఈసారి ఆగిపోయాడు. గొడవ దివ్యంగా సాగింది.

అత్త మాత్రం పని ఆపేసి రెండు రోజులు కొలతల పుస్తకం తిరగేసింది.

“ఎడమ చెయ్యి ఎవరిదై ఉంటుందే పిల్లా? ఆ పొడుగాయన చెయ్యి నేను రెండుసార్లు చూసుకున్నానే...”

చివరికి బాబాయికే జాలేసింది. “అక్కా, అలాంటి మనిషి లేడు. వాడు నేనే.”

“నీ చొక్కానా? ఏదీ, చెయ్యి చాపు.”

టేపు పెట్టి చూసింది. ఇంకోసారి చూసింది. “సరిగ్గానే ఉంది కదరా! మరెందుకు రా అలా రాశావు?”

ఈ ప్రశ్నకి శిక్షణలో జవాబు చెప్పలేదు.

ఇక ఇతరుల్ని మెచ్చుకునే బాధ్యత సకలం తానే తీసుకుంది. వీధిలో ఎవరు ఏం పెట్టినా దాని కింద మా దుకాణం పేరున ఒక మంచిమాట రాసి వచ్చేది. ఎవరు ఏం పెట్టారో చదివే అలవాటు దానికి లేదు. రిటైరైన లెక్కల మాస్టారు తన కుక్క తప్పిపోయిందని ఫోటోతో సహా పెడితే, “అద్భుతం! ఇలాంటివి మీ నుంచి మరిన్ని ఆశిస్తున్నాం!” అని రాసింది. మాస్టారు చేతికర్రతో దుకాణానికి వచ్చారు. ఆయన వెళ్ళాక బాబాయి మొహం వెలిగిపోయింది. “చూశారా! మన మాట చదివి ఒక మనిషి నడిచి వచ్చాడు! శిక్షణలో ఇదే చెప్పారు!”

“ఆ మనిషి కర్ర ఎత్తాడు రా” అంది నానమ్మ.

“స్పందనమ్మా! స్పందన!”

ఇదీ నేపథ్యం. ఆ సోమవారం ఉదయం సకలం వారపు నివేదిక తెర మీదికి తెచ్చింది. కింద ఒక పచ్చ మీట, దాని మీద “ఈ విజయాన్ని అందరితో పంచుకోండి” అని ఉంది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం ఫోనులో ఎవరితోనో అని తర్వాత తెలిసింది. నేను మీట నొక్కాను.

బేకరీ ముందు ఎప్పటిలాగే నలుగురు నిలబడి ఉన్నారు. నేను బ్రెడ్డు కోసం వెళ్ళి ఒక మూలగా నిలుచున్నాను. నేను నిలుచుంటే సాధారణంగా ఎవరికీ కనపడను.

“నాలుగొందల పన్నెండా! ఒక్కడితోనే అన్నిసార్లంటారా?” అన్నాడు సెలూనాయన.

“ఒక్కడితో అయితే శాతం ఎందుకు పెరుగుతుందండీ?” అన్నారు లెక్కల మాస్టారు. “వారానికి నాలుగొందల పన్నెండు. అంటే సగటున రోజుకి యాభై తొమ్మిది.”

“మరి కోట్లు ఎప్పుడు కుడుతోందంటారు?”

“ఏమైనా ఆవిడ కష్టజీవి” అన్నాడు బేకరీ ఆయన. “మా చెల్లెలికి ఒక్కటి కుదర్చడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.”

ఇంతమంది ఇంత మాట్లాడుకున్నారు గాని, ముప్పై అడుగులు నడిచి వచ్చి అత్తని అడిగినవాళ్ళు లేరు. అడిగితే మర్యాదగా ఉండదట. అందరూ తమ ఫోనుల్లో అభినందనలు తెలిపి మర్యాద కాపాడుకున్నారు.

గుండీలాయన కూడా చదివాడు.

ఆ రోజు నాలుగయింది. అత్త నాలుగింటికి ఐదు నిమిషాలు ఉండగానే అలవాటుగా ఒళ్ళో దారాలు దులుపుకుని, కిటికీ పక్కన చోటు చేసింది. నాలుగున్నర అయింది. ఎదురు దుకాణం తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన కనపడుతూనే ఉన్నాడు. ఒకే డబ్బాని తుడుస్తున్నాడు. ఐదయ్యాక అత్త మళ్ళీ మిషను ముందు కూర్చుంది. దారం ఎక్కించడానికి నాలుగుసార్లు ప్రయత్నించింది.

మంగళవారం కూడా రాలేదు. బుధవారం ఉదయం మా దుకాణం తలుపు గొళ్ళేనికి ఒక పొట్లం వేలాడుతోంది. ఆ వారం మాకు పెద్ద పని ఉంది. అగ్నిమాపక కేంద్రం బ్యాండు వాళ్ళకి పన్నెండు కోట్లు శనివారానికల్లా ఇవ్వాలి. కోటుకి ఎనిమిది చొప్పున ఇత్తడి గుండీలు కావాలి. పొట్లంలో సరిగ్గా తొంభై ఆరు గుండీలు ఉన్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే మెరుపు. ఒక చీటీ ఉంది. దాని మీద ఒకటే మాట.

“సరిపోతాయి.”

పదకొండేళ్ళలో ఆయన మొదటిసారిగా, ఒక్క విడతలో, సరిపోయే గుండీలు ఇచ్చాడు. అత్త ఆ చీటీ చదివి, మిషను మీద గుడ్డ కప్పేసింది.

“ఇవి సరిపోవు” అంది.

నానమ్మ ఒక గుండీ తీసి నీలం కోటు మీద పెట్టి చూసింది. “బంగారంలా ఉంది కదే!”

“సరిపోవమ్మా.”

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. దుకాణంలో మాట్లాడనివాళ్ళం ఇద్దరమయ్యాం. పన్నెండు కోట్లు గుండీలు లేకుండా వరసగా వేలాడుతున్నాయి. అత్త రోజుకి ఒకసారి, నాలుగింటికి, తల ఎత్తి గుమ్మం వైపు చూస్తోంది. ఆయన ఇక ఎప్పటికీ రాకపోతే ఆ నాలుగింటి వేళని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియడం లేదు.

“ఆ గుండీల అబ్బాయిని ఒకసారి పిలుచుకురండిరా” అంది నానమ్మ. ఆ అబ్బాయికి నలభై ఆరేళ్ళు.

“పిలవడం పాత పద్ధతమ్మా” అన్నాడు బాబాయి. “ఎదురుగా ఉన్న మనిషిని కేకేసి పిలిస్తే మనకి విలువేం ఉంటుంది? దీనికి దండయాత్రే మార్గం.”

వెంటనే నాచేత దండయాత్ర మొదలుపెట్టించాడు. లక్ష్యం: పురుషుడు, వయసు నలభై ఆరు, ఆసక్తి గుండీలు, నివాసం ముప్పై అడుగుల దూరం. మెడలో టేపుతో ఉన్న అత్త ఫోటో ఎంచాడు. మాటలు సకలమే సమకూర్చింది: “ఇంకా ఆలోచిస్తున్నారా? చూసి చూసి వెళ్ళిపోయారు కదూ! మీకోసం ఇక్కడే ఎదురుచూస్తున్నాం. త్వరపడండి! స్టాకు ఉన్నంత వరకే!”

ఆ క్షణం నుంచి గుండీలాయన ఫోను తీస్తే చాలు అత్త ప్రత్యక్షమైంది. వాన పడుతుందా అని చూస్తే వాన పక్కన అత్త. వార్తలు చదివితే ప్రమాదాల మధ్య అత్త. నడుం నొప్పికి వ్యాయామం చూస్తుంటే, మధ్యలో ఆపి మరీ, “ఇంకా ఆలోచిస్తున్నారా?” అని అడిగింది. ఆయన ఫోనుని గుండీల డబ్బాలో పెట్టి మూత వేయడం కిటికీలోంచి నేను చూశాను.

సకలం అంతటితో ఆగలేదు. ఆయనలాంటివాళ్ళు ఇంకా వెయ్యిన్ని నూటఆరుగురు ఉన్నారని కనిపెట్టి, వాళ్ళందరికీ అదే ఫోటో, అవే మాటలు పంపింది. గురువారం ముగ్గురు వచ్చారు. మొదటాయన పాత గుండీల ఆల్బం తెచ్చి నానమ్మకి రెండు గంటలు చూపించాడు. రెండో ఆయన ఏం స్టాకు, ఎంత మిగిలింది అని అడిగాడు. మూడో ఆయన తల నున్నగా దువ్వుకుని, సెంటు పూసుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “నేను ఆలోచించుకున్నానండి” అన్నాడు. అత్త ఆయనకి కొలతలు తీసి పంపేసింది.

శుక్రవారం. సరిగ్గా నాలుగింటికి గుండీలాయన రోడ్డు దాటాడు. చేతిలో గుండీల అట్ట లేదు. ఫోను ఉంది. నానమ్మ కుర్చీ పక్కకి జరుపుకుని దారి ఇచ్చింది. ఆ కుర్చీ ఎవరికోసమూ జరగడం అంతకు ముందు నేను చూడలేదు.

“టైలరమ్మ గారూ” అన్నాడు. “మీరు నన్ను ఇంకా ఆలోచిస్తున్నారా అని రోజుకి అరవైసార్లు అడుగుతున్నారు. అవునండీ. పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆలస్యం చేశాను. నాదే తప్పు. ఒప్పుకుంటాను. కానీ నాలుగొందల పన్నెండు మంది అయ్యాక, ఇప్పుడు నన్ను త్వరపడమనడం... మీకు న్యాయంగా ఉందా?”

అత్త చేతిలో కత్తెర కింద పెట్టింది. “ఎవరండీ ఆ నాలుగొందల పన్నెండు మంది?”

“అది మన విజయం అక్కా” అన్నాడు బాబాయి. “అంతకు ముందు వారం రెండొందల తొంభై ఎనిమిదే...”

“నువ్వు నోర్ముయ్యరా” అంది నానమ్మ.

గుండీలాయన ఫోను చూపించాడు. అత్త చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె మొహం తెల్లబోయింది. ఎడమ చెయ్యి పొట్టి అయిందని చదివినప్పుడు కూడా ఆమె మొహం అలా కాలేదు. ఈసారి వెతకడానికి కొలతల పుస్తకం కూడా లేదు. ఆయన వెనక్కి తిరగబోయాడు.

“అవి... నిశ్చితార్థాలు కాదు” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“ఓసి! ఈ పిల్లకి మాటలొచ్చా!” అంది నానమ్మ.

“అవి లైకులు. అది తెలుగు రాని యాప్. మీట నొక్కింది నేనే. అందులో మూడొందల తొంభై మన యాభై ఖాతాలవే. మనుషులవి ఇరవై రెండే.”

బాబాయి దగ్గాడు. ఆ లెక్క బయటికి చెప్పకూడని లెక్క.

“ఇరవై రెండు మందా?” అన్నాడు గుండీలాయన. ఆయన గొంతులో కొంచెం ఆశ, ఎక్కువ దిగులు ఉన్నాయి.

“ఇరవై రెండు లైకులు. రెండు బాబాయివి. ఒకటి నాది. మిగతా పంతొమ్మిదీ ఒక్కరివే. ఫోటో బదులు నాలుగు రంధ్రాల గుండీ బొమ్మ ఉంటుంది. రోజూ పొద్దున్నే, దుకాణం తలుపు తీయకముందే వస్తాయి. దిండు గలీబుకి కూడా పెట్టారు.”

వీధిలో గుండీ బొమ్మ పెట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. గుండీలాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఫోనుని జేబులో పెట్టుకోబోయి, జేబు ఎక్కడుందో మరిచిపోయాడు. అత్త ఆయన్ని వెలుతురులో, కిటికీ వైపు నుంచి, కాసేపు చూసింది. పదకొండేళ్ళుగా గుండీల్ని చూసినట్టే చూసింది.

“రేపు నాలుగింటికి రండి” అంది. “గుండీలు తేవద్దు.”

“మరేం తేవాలండీ?”

“నిన్ను నువ్వు తెచ్చుకో నాయనా, అదే పదివేలు” అంది నానమ్మ.

ఆయన రోడ్డు దాటుతూ రెండు సైకిళ్ళని ఆపేశాడు. అత్త మిషను మీద గుడ్డ తీసి, పొట్లం విప్పి, చీకటి పడేలోగా తొంభై ఆరు గుండీలూ కుట్టింది. “సరిపోయాయి” అంది, ఎవరూ అడగకుండానే.

మరుసటి ఆదివారానికి నిశ్చితార్థం నిర్ణయమైంది. ఒక్కటే. బాబాయి ఇందులో తన ఓటమి ఏమీ చూడలేదు. “దండయాత్రకి వారం తిరక్కుండా ఫలితం” అని స్తంభం పాతాడు. దాంతో బేకరీ ఆయన, సెలూనాయన, ఆఖరికి లెక్కల మాస్టారు కూడా సకలం పెట్టించుకున్నారు. మాస్టారి కుక్కకి విడిగా ఖాతా తెరిచారు. కుక్క దొరికింది లెండి, తనంతట తనే వచ్చింది. అప్పటి నుంచి వీధిలో మర్యాద ఎంతో పెరిగింది. ఉదయం నుంచి సాయంత్రం వరకు అందరి దుకాణాలూ అందరి దుకాణాల్నీ మెచ్చుకునేవి. యజమానులకి ఎవరి పని వాళ్ళు చూసుకునే తీరిక దొరికింది.

ఆహ్వానం కూడా సకలమే పంపింది. ఆరువందల నలభై జవాబులు వచ్చాయి. తప్పక వస్తున్నామన్నారు. ఇలాంటి జంట భూమి మీద లేదన్నారు. నిండు నూరేళ్ళు చల్లగా ఉండమన్నారు. దుకాణం ముందు అరవై కుర్చీలు వేసి, చాలవేమోనని బాబాయి కంగారుపడ్డాడు.

ముహూర్తానికి ఇంట్లోవాళ్ళం కాక పన్నెండు మంది వచ్చారు. అగ్నిమాపక బ్యాండు. కోట్లు తీసుకెళ్ళేటప్పుడు అత్త వాళ్ళకి నోటితో చెప్పింది, అందుకని వచ్చారు. ఇత్తడి గుండీలు మెరుస్తుండగా వాయిస్తూ వచ్చి, కుర్చీలు ఖాళీగా ఉంటే తలా ఐదింటిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అత్తా, గుండీలాయన ఉంగరాలు మార్చుకున్నారు. ఆయన తెచ్చిన ఉంగరం ఒక్క పిసరు వదులైంది. “రేపు ఇంకోటి తెస్తాను” అనబోయి, అత్త మొహం చూసి ఆగిపోయాడు. అందరూ నవ్వారు. నానమ్మ పన్నెండు మంది గురించీ వాళ్ళ ఎదురుగానే అభిప్రాయం చెప్పింది. అంత ఆనందంగా ఉన్న రోజు మా ఇంట్లో నాకు గుర్తు లేదు.

మర్నాడు అత్త బేకరీకి వెళ్ళింది. వెనక నేను కూడా ఉన్నాను.

“ఏమ్మా, మొహం కళకళలాడుతోంది. వేలికి ఉంగరం కూడా ఉంది. ఏమిటి విశేషం?” అన్నాడు బేకరీ ఆయన.

“నిన్న నిశ్చితార్థం అయిందండీ. మీరు శుభాకాంక్షలు చెప్పారు కదా. మూడుసార్లు.”

“నేనా?”

ఆయన చెయ్యి తుడుచుకుని ఫోను తీసి చూసుకున్నాడు. కిందికి జరిపాడు. ఇంకా కిందికి జరిపాడు. నెమ్మదిగా ఆయన మొహంలో తన మీద తనకే గౌరవం కనపడింది.

“నిజమేనమ్మా! ఆనందబాష్పాలు కూడా రాల్చాను!”

ఆయన్ని చూసి తక్కినవారు నవ్వవలసిన పని లేదు. ఆ ఆరువందల నలభై పేర్లూ నేను తీరిగ్గా కూర్చుని చదివాను. ఇది చదువుతున్న మీరు కూడా అందులో ఉన్నారు. మా అత్తని మనసారా దీవించారు. చాలా సంతోషం. ఎప్పుడు దీవించారో మీకేమైనా గుర్తుంటే దయచేసి తెలియజేయగలరు.